బొటనవేలి సిలువ

శనివారం ఉదయం తొమ్మిదీ పదికి కెప్టెన్ ఫుల్వియో దందీని నా గదిలోకి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, నా బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. దాని మీద తన పెన్ను కూడా పెట్టాడు.

"సంతకం పెట్టండి, మరెషాల్లో. నాకు చాలా పనులున్నాయి."

కాగితంలో నాలుగే వాక్యాలు. సాంత్ ఎమిదియో చర్చిలో గోడబొమ్మలు బాగుచేసే నీవెస్ పగానెల్లి, వయసు ముప్ఫై మూడు, మంగళవారం మధ్యాహ్నం పరంజా మూడో అంతస్తు నుంచి పడి చనిపోయింది. నడుం బెల్టు కొక్కెం తగిలించుకోలేదు. ఇది ఆమె సొంత అజాగ్రత్త. కేసు ముగిసింది.

నేను క్వింతో మర్కాంతోనిని. రోక్కఫాల్బా ఠాణాకి ఇరవై రెండేళ్లుగా మరెషాల్లోని, అంటే పెద్దని. మూడేళ్ల కిందటి భూకంపం తర్వాత ఠాణా అంటే పక్కపక్కన పెట్టిన రెండు ఇనప డబ్బాలు, ఇల్లంటే ప్రభుత్వం ఇచ్చిన చెక్క గది. జాలిపడమని చెప్పడం లేదు. పాత ఠాణా శిథిలాల్లోంచి నేను బయటికి లాక్కున్నది ఆ కుర్చీ ఒక్కటే. అందులో ఇంకొకడు కాలు మీద కాలేసుకుని కూర్చుంటే నాకు మండింది. అది తెలియాలని చెప్తున్నాను.

"ఆదివారం లోపల మూసెయ్యాలని తొందరా?" అన్నాను.

"రేపు పదకొండింటికి బిషప్ గారు వస్తున్నారు. మంత్రి గారు వస్తున్నారు. నాలుగు వందల మంది జనం. మూడేళ్ల తర్వాత చర్చి తలుపులు తెరుచుకుంటుంటే లోపల అనుమానాస్పద మరణం అని బోర్డు కట్టుకుందామా?"

"అనుమానం నాకుంది. బోర్డు మీరు కట్టక్కర్లేదు."

"మీ అనుమానానికి కారణం?"

కారణం చెప్తే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలి. సోమవారం సాయంత్రం నీవెస్ నా దగ్గరికి వచ్చింది. 'ఉత్తరం గోడ బీటకి అతికించిన వేగులు మరీ బాగున్నాయి మరెషాల్లో గారూ, అంత బాగుండడం నాకు నచ్చలేదు' అంది. నేను గేటు దగ్గర పోలీసుల్ని ఎక్కడెక్కడ నిలబెట్టాలా అని లెక్క చూసుకుంటున్నాను. 'ఆదివారం అయిపోనీ అమ్మా, సోమవారం తీరిగ్గా చూద్దాం' అన్నాను. ఆ పిల్ల తలూపి వెళ్లిపోయింది. మర్నాడు చచ్చిపోయింది. నిన్న వాళ్లమ్మ ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "కొక్కెం మా అమ్మాయే తీసేసిందా?" తెలియదన్నాను. తెలుసుకుని చెప్తానన్నాను.

"కారణం చర్చిలో ఉంది," అన్నాను కెప్టెన్‌తో. "పరంజా ఎక్కగలరా?"

మగతనం మీద అనుమానపడితే లేచే రకం అతను. లేచాడు.

*

తొమ్మిదీ నలభైకి మూడో అంతస్తు మీదున్నాం. పలకల కింద ఆరు మీటర్ల ఖాళీ. ఎదురుగా ఉత్తరం గోడ, దాని మీద భూకంపాల నుంచి కాపాడతాడనే మా పునీత ఎమిదియో బొమ్మ. కూలిపోతున్న గోడని ఒంటిచేత్తో ఆపుతుంటాడు. ఈసారి బీటతో ఆగింది గానీ, పూర్వం ఈ చర్చి మూడు భూకంపాలకి మూడుసార్లు పడింది, మూడుసార్లూ అవే రాళ్లతో మావాళ్లు మళ్లీ లేపారు. ప్రతిసారీ ఈ బొమ్మ గీయించారు. మూడుసార్లూ పడనిచ్చినవాడికే మళ్లీ కాపలా ఉద్యోగం ఇవ్వడమంటే ఇదే. అయినా చిన్నప్పటి నుంచి నేను కూడా ఆ చేతికేసి చూసే దణ్ణం పెట్టుకున్నాను.

"ఇది చూడండి," అని మూలనున్న రబ్బరు గిన్నె చూపించాను. గుల్లలాంటి తెల్లటి గడ్డ, అందులో తాపీ ఇరుక్కుపోయి ఉంది. మంగళవారం నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చూశాను.

"జిప్సం. అయితే?"

"కలిపిన పావుగంటకి రాయయిపోతుంది. ఎవడో కలిపాడు, పని మధ్యలో వదిలేసి పోయాడు, తాపీ కూడా తీసుకోలేదు."

"ఆ అమ్మాయే కలిపింది. పడిపోయింది. తాపీ ఎలా తీసుకుంటుంది?"

"బొమ్మల పనివాళ్లు జిప్సం ముట్టుకోరు కెప్టెన్ గారూ. దాని ఉప్పు రంగుని తినేస్తుంది. వాళ్లకి సున్నమే. డాక్టరు రాసింది చదవండి, ఆమె గోళ్లలో రంగుంది, సున్నముంది. జిప్సం లేదు. ఆమె పైకి వచ్చేటప్పటికి ఇక్కడ ఇంకొకడున్నాడు."

కెప్టెన్ చేతి రుమాలుతో బూటు మీది దుమ్ము తుడుచుకున్నాడు.

బొమ్మకి పక్కన, రంగు లేని వట్టి గోడ మీద, పైనుంచి కిందికి ఒక బీట ఉంది. దానికి అడ్డంగా మూడు చోట్ల జానెడేసి జిప్సం పట్టీలు. గోడ వెంట్రుకవాసి కదిలినా పట్టీ పుటుక్కున విరుగుతుంది. అందుకే మా మేస్త్రీలు వాటిని వేగులంటారు. మూడింటి మీదా తడిగా ఉన్నప్పుడు గీసిన తేదీ: ఫిబ్రవరి పదకొండు. రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరు స్వయంగా వేశాడు. ఆ తర్వాత వారం వారం ఇక్కడి నుంచి ఫోటోలు పంపితే చూసి తృప్తిపడుతున్నాడు.

"మూడూ చెక్కుచెదరలేదు," అన్నాడు కెప్టెన్. "ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. మీరే చూపిస్తున్నారు, గోడ కదల్లేదని."

"మధ్యదాని కింది అంచు చూడండి. దగ్గరికి రండి."

అంచు వెంట సూదంత సన్నటి నల్లగీత. మసి. రెండు వందల ఏళ్ల కొవ్వొత్తుల మసి.

"ఈస్టర్ తర్వాత నీవెస్ ఈ గోడంతా కడిగింది. వేగుల్ని కదపకూడదు కాబట్టి వాటి అంచుల దాకా కడిగి ఆగింది. మరి అంచు బయట మసి ఎలా మిగిలింది? చేతి గడియారం తీసి ఇంకో సన్నటి గడియారం పెట్టుకుంటే మణికట్టు మీద పాత మచ్చ కనిపిస్తుందే, అలా. ఇంజనీరు వేసిన పట్టీ ఇంకాస్త వెడల్పుది. అది లేదిప్పుడు. ఇది ఈస్టర్ తర్వాత వేసింది, ఫిబ్రవరి తేదీతో."

"నాలుగు వందల మందిని ఆపడానికి మీ దగ్గరున్నది ఒక మసి గీత."

నా దగ్గర ఇంకొకటి కూడా ఉంది. అది అతనికి చెప్పలేదు. మూడు పట్టీల మీదా, కుడి వైపు కింది మూలన, బొటనవేలితో నొక్కి గీసిన చిన్న సిలువ ఉంది. మా ఊళ్లో తాపీ పట్టినవాడెవడైనా తడి పూత మీద అది గీసి తీరతాడు. ఎమిదియోకి మొక్కు, గోడ నిలబడాలని. కోళ్ల గూడు కట్టినా గీస్తారు, కాలవ గట్టు పూసినా గీస్తారు. మా నాన్న తాపీమేస్త్రి, నేను నాలుగేళ్లు ఆయన కింద పనిచేశాను, నా వేలికీ ఆ పిచ్చి ఉంది. రాజధాని ఇంజనీరుకి మాత్రం లేదు. అంటే వేగుల్ని మార్చినవాడు మావాడు. దొంగ పట్టీ వేస్తూ కూడా దేవుడికి మొక్కుకున్నాడు. ఈ పనిలో ఉన్న మావాళ్లు నలుగురు మేస్త్రీలు. నలుగురూ నన్ను ఎత్తుకున్నవాళ్లో, నేను ఎత్తుకున్నవాళ్లో.

సంచిలోంచి జిప్సం పొట్లం, సీసాతో నీళ్లు తీశాను. కెప్టెన్ నవ్వాడు. "వంట మొదలెట్టారా?"

"నాలుగో వేగు వేస్తున్నాను. విరిగితే మీరు చర్చి మూయించాలి. విరక్కపోతే సాయంత్రం సంతకం పెడతాను."

"మాటా?"

"మాట. మీ పేరు కూడా గీయండి దీని మీద. రేపు నేనే మార్చానని మీరనకుండా."

మధ్యదానికి బెత్తెడు కింద పట్టీ వేశాను. మేకుతో తేదీ, సమయం గీశాను: పదీ పదిహేను. అలవాటు చొప్పున బొటనవేలు కింది మూలకి పోయింది. వెనక్కి లాక్కున్నాను. కెప్టెన్ మేకు తీసుకుని తన పేరు పొడుగ్గా గీశాడు, చివర పైకి తిరిగిన తోకలాంటి వంపుతో. మంత్రికిచ్చే దస్తావేజు మీద పెట్టినంత ముచ్చటగా పెట్టాడు.

*

దెర్నా టీకొట్టు కూడా ఇప్పుడొక డబ్బాయే. పన్నెండుకి పది నిమిషాలుందనగా వెళ్లాను.

"మంగళవారం మధ్యాహ్నం," అన్నాను. "ఎవరెప్పుడు వచ్చారో చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలి క్వింతో, మొన్న నీ కానిస్టేబులుకి చెప్పాగా?"

"వాడికి 'అందరూ ఇక్కడే ఉన్నారు' అని చెప్పావు. అందరూ అంటే నాకు కుదరదు."

గ్లాసు తుడుస్తూ ఆగింది. "ముగ్గురు మేస్త్రీలు పన్నెండు కొట్టగానే వచ్చారు. పప్పు పెట్టాను. ఆ పిల్ల వాళ్ల వెనకే వచ్చింది. కాఫీ సగం తాగి, కళ్లజోడు పరంజా మీద మర్చిపోయానంటూ లేచింది."

"ఎన్నింటికి?"

"రేడియోలో వార్తలైపోయి వాన సంగతి చెప్తున్నారు. పన్నెండుంబావు."

పువ్వులు తెచ్చే ఈనెస్ నేల మీద శవాన్ని చూసింది పన్నెండూ యాభైకి. "నాలుగో మేస్త్రి?"

దెర్నా నా కళ్లలోకి చూడ్డం మానేసింది. "సెత్తీమియో మామయ్య కాస్త ఆలస్యంగా వచ్చాడు."

"కాస్తంటే?"

"ఒంటిగంటకి ఇరవై నిమిషాలు తక్కువ. వచ్చి చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. సోంపు సారా అడిగాడు. ఒత్తావియా అత్తయ్య పోయినప్పటి నుంచి చుక్క ముట్టని మనిషి."

"ఇది మొన్నెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు అడగలేదు?" అంది. "మీ నాన్నతో నలభై ఏళ్లు గోడలు కట్టిన మనిషి. నీకు అడగబుద్ధి కాలేదు, నాకు చెప్పబుద్ధి కాలేదు. ఇద్దరికీ సరిపోయింది."

అప్పుడు గంటలు మోగాయి. మూడు గంటలు ఒకేసారి. ఐదు వారాలుగా శనివారం మధ్యాహ్నం వాటిని ఊపి చూస్తున్నారు, రేపటి కోసం. రేపు అరగంట మోగిస్తారట. జనం డబ్బాల్లోంచి బయటికొచ్చి నిలబడ్డారు. దెర్నా ఏప్రన్ అంచుతో కళ్లొత్తుకుంది. మూడేళ్లు గంట మోగని ఊరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా కాళ్ల కింద డబ్బా నేల సన్నగా వణికింది. కప్పులో కాఫీ మీద వలయాలు లేచాయి. గంటల గోపురం ఏ గోడని ఆనుకుని ఉందో గుర్తొచ్చేసరికి కప్పు కింద పెట్టేశాను.

ఉత్తరం గోడ.

వెంటనే పరిగెత్తి ఉండాల్సింది. పరిగెత్తలేదు. పావుగంట అక్కడే కూర్చుని, ఇంకో కాఫీ అడిగి, తాగకుండా చూస్తూ ఉన్నాను. పైకెక్కితే ఏం కనిపిస్తుందో తెలుసు, అది చూస్తే ఎవరి ఇంటికి వెళ్లాలో తెలుసు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నన్ను నేను అంత అసహ్యించుకున్న పావుగంట ఇంకోటి లేదు.

*

శనివారం మేస్త్రీలకి సగం పూటే పని. పన్నెండూ ముప్ఫై ఐదుకి చర్చి ఖాళీగా ఉంది. పరంజా ఎక్కాను.

నా పట్టీ చెక్కుచెదరలేదు. జూన్ ఇరవై రెండు, పదీ పదిహేను, ఫుల్వియో దందీని. పైన మూడూ కూడా చెక్కుచెదరలేదు.

ఒక్క క్షణం ఆనందం వేసింది. అబద్ధమెందుకు, గోడ గట్టిగా ఉంది, రేపు అందరూ వస్తారు, నేను చేతులు దులుపుకోవచ్చు అనుకున్నాను. ఆ తర్వాత మేకుతో గీసిన ఆ పేరు కేసి మళ్లీ చూశాను. చివరి వంపు కిందికి తిరిగి ఉంది. కెప్టెన్ పైకి తిప్పాడు. చెయ్యి పెట్టి చూశాను. జిప్సం గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఇది వెచ్చగా ఉంది, అన్నం తీసిన గిన్నెలా.

కుడి వైపు కింది మూలన బొటనవేలి సిలువ.

నేను వెయ్యకుండా వెనక్కి లాక్కున్న సిలువ. పైన మూడూ తడిమాను. మూడూ వెచ్చగానే ఉన్నాయి. గంటలు ఆగిన అరగంటలో నాలుగింటినీ ఊడబీకి, మళ్లీ వేసి, నాలుగింటికీ మొక్కుకున్నాడు.

కింద పూజసామాను గదిలో నీళ్ల చప్పుడు వినిపించింది. దిగి వెళ్లాను. సెత్తీమియో వీత్తూరీని తొట్టి దగ్గర నిలబడి రబ్బరు గిన్నె కడుగుతున్నాడు. డెబ్భై ఒక్కేళ్లు. వంగిన వీపు తలుపు వైపు ఉంది.

"పాత గిన్నె పైన ఉండిపోయింది కదా బాబాయ్," అన్నాను. "కొత్తది కొన్నావా?"

తిరగలేదు. "నీ పట్టీ బాగా వేశావురా. మీ నాన్న చెయ్యి. నీళ్లు కొంచెం ఎక్కువయ్యాయి."

"విరిగిందా?"

"మొదటి ఊపుకే."

గిన్నె బోర్లించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, బల్ల మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. కూర్చుంటే అడగలేనని భయం.

"ఎన్నిసార్లు మార్చావు?"

"ఇవాళ్టితో ఐదు. శనివారం గంటలు మోగుతాయి, అవి విరుగుతాయి. చీలిక కనపడకుండా అప్పటికి జిప్సం పిండి రుద్దేస్తాను, మంగళవారం అందరూ భోజనానికి పోయినప్పుడు ఊడదీసి కొత్తవి అతికిస్తాను. ఇవాళ ఆగడానికి లేదు, నువ్వు పేరొకటి రాయించావుగా."

"ఫోటోలు పంపింది కూడా నువ్వే."

"నేనే."

"ఎవరు చెప్పారు చెయ్యమని? కాంట్రాక్టరా? ఫాదరా?"

"ఎవరూ చెప్పలేదు," అన్నాడు విసుగ్గా. "ప్రతిదానికీ ఎవడో పెద్దవాడు వెనకుండాలిరా మీ పోలీసులకి? మీ పిన్నిని ఎక్కడి నుంచి సాగనంపామో గుర్తుందా నీకు?"

గుర్తుంది. ట్రాక్టర్ల కొట్టం. నవంబరు. రేకుల మీద వాన చప్పుడుకి ఫాదర్ మాట ఒక్కటి వినిపించలేదు. డీజిలు వాసన. శవపేటిక ప్లాస్టిక్ కుర్చీల మీద పెట్టారు.

"ఈ మూడేళ్లలో నలభై ఒక్క మంది పోయారు," అన్నాడు. "నలభై ఒక్కరూ ఆ కొట్టంలోంచే. రేపు పూజలో వాళ్ల పేర్లు చదువుతారు, వరసగా, ఈ కప్పు కింద. ఒత్తావియాకి నేను మాటిచ్చాను. ఒక్క రోజు, క్వింతో. ఒక్క ఆదివారం నిలబడితే చాలు, సోమవారం నేనే వచ్చి చెప్పేవాణ్ణి."

"నిలబడుతుందని నీకెలా తెలుసు?"

"తెలీదు," అన్నాడు. "మొక్కాను."

"నీవెస్ సంగతి చెప్పు."

కుళాయి కేసి చూశాడు. కుళాయి చుక్క చుక్క కారుతోంది.

"కళ్లజోడు కోసం వచ్చింది. మూడోది అప్పుడే పూశాను, తడిగా ఉంది. దగ్గరికి వంగి చూసింది. తిట్టలేదురా. 'అయ్యో మేస్త్రీ' అంది, అంతే. ఇంజనీరుకి ఫోన్ చేస్తానని నిచ్చెన వైపు తిరిగింది. దిగాలి కదా, కొక్కెం తీసింది. నేను బెల్టు పట్టుకున్నాను. ఆగమన్నాను. ఆదివారం దాకా ఆగమ్మా అన్నాను. 'నాలుగు వందల మంది, మేస్త్రీ' అని గుంజుకుంది. నా చేతులు జిప్సంతో జారుడుగా ఉన్నాయి."

ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. ఏడుపు రాలేదు అతనికి. నాకు కోపం రావాల్సిన చోట ఏమీ రాలేదు, దానికే ఇంకా భయమేసింది. ఆదివారం దాకా ఆగమని ఆ పిల్లకి ముందు చెప్పింది నేను. అతను బెల్టు పట్టుకుని చెప్పాడు, నేను కుర్చీలో కూర్చుని చెప్పాను.

వాళ్లమ్మకి జవాబు దొరికింది. కొక్కెం కూతురే తీసింది. మా అందరినీ ఆపడానికి కిందికి దిగుతూ తీసింది.

"లే బాబాయ్," అన్నాను. బేడీలు తీశాను. అతను చేతులు ముందుకి పెట్టాడు, కొలత తీయించుకునేవాడిలా.

*

ఫోన్ చేస్తే కెప్టెన్ ఒకటిన్నరకి వచ్చాడు. పరంజా మీదికి తీసుకెళ్లాను. పట్టీలు చల్లారిపోయాయి. జరిగిందంతా నేను చెప్తే విని, మోకాళ్ల మీద వంగి, నాలుగో పట్టీని చాలాసేపు చూశాడు.

"తోక కిందికి తిరిగింది చూడండి," అన్నాను. "ఇది మీ రాతేనా?"

అతనికి తెలుసు. మనిషికి తన పేరు తెలియకుండా ఉంటుందా? చెవుల దాకా ఎర్రబడ్డాడు. కింద బల్లలు మోసుకొస్తున్న చప్పుడు. మంత్రి కూర్చునే కుర్చీకి ఎర్రగుడ్డ తొడుగుతున్నారు.

"నాదే," అన్నాడు.

"కెప్టెన్ గారూ."

"నా సంతకం నాకు తెలుసు. పట్టీ మీరు వేశారు, నేను సంతకం పెట్టాను, విరగలేదు. పందెం మీరే వేశారు." లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "మూడేళ్లలో జిల్లాలో తెరుచుకుంటున్న మొదటి చర్చి ఇది. పెళ్లాం పోయి మతి చెడిన ఒక ముసలాడు ఏదో అంటే, మసి గీత చూపించి దీన్ని మూయించానని నేను పైవాళ్లకి చెప్పాలా? సాక్ష్యం ఏది?"

"సాక్ష్యం కింద బేడీలు వేసుకుని కూర్చుంది."

"అయితే దాన్ని జనానికి చూపించండి," అన్నాడు. "వాళ్ల ఆదివారం కదా. వాళ్లనే అడగండి."

అతను దెప్పుదామని అన్నాడు. నేను నిజంగానే తీసుకున్నాను. అధికారులు కాగితాల వెనక దాక్కుంటారు, జనం తమ పిల్లల్ని తెచ్చి కూలే గోడ కింద నిలబెడతారా? ఆ మాత్రం నమ్మకం ఉండింది నాకు, ఆ మధ్యాహ్నం రెండింటి దాకా.

రెండింటికి పాటల బృందం వచ్చింది. యాభై మంది, ఉత్తరం గోడ వారన మెట్ల మీద వరసగా నిలబడ్డారు. వాళ్లని నడిపించేది నా చెల్లెలు లొరెత్తా. పువ్వుల ఈనెస్ బకెట్లతో నీళ్లు మోస్తోంది. దెర్నా కూడా వచ్చింది. సెత్తీమియోని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వాళ్ల ముందుకి తీసుకొచ్చాను. బేడీలు చూసి పాట ఆగిపోయింది.

"చెప్పు బాబాయ్," అన్నాను. "నాకు చెప్పినట్టే చెప్పు."

చెప్పాడు. దాచుకోలేదు. శనివారాల గంటలు, మంగళవారాల అతుకులు, గోడ కదులుతోందని, నీవెస్ బెల్టు తనే పట్టుకున్నానని, తన చేతుల్లోంచే జారిపోయిందని. గొంతు మెల్లగా ఉన్నా ఈ కప్పు కింద ప్రతి మాటా వినిపించింది. చెప్పడం అయ్యాక తల దించుకున్నాడు.

"విన్నారుగా," అన్నాను. "రేపు గంటలు మూడూ కలిసి అరగంట పాటు మోగుతాయి. ఈ గోడ ఆగదు. అందరూ బయటికి నడవండి."

ఎవరూ కదల్లేదు. వెనక వరసలో ఎవరో దగ్గారు. లొరెత్తా చేతిలో పేర్ల కాగితం ఉంది, రేపు చదవాల్సింది. దాన్ని సగానికి మడిచింది, మళ్లీ విప్పింది.

"అన్నయ్యా, అమ్మ పేరు పంతొమ్మిదోది," అంది.

"నాకు తెలుసు."

"తెలిస్తే ఇలా మాట్లాడవు." నన్ను వదిలేసి సెత్తీమియో వైపు తిరిగింది. కోపంగా లేదు. ఇంట్లో కుళాయి బాగుచెయ్యమని అడుగుతున్నట్టుంది. "ఐదుసార్లు పూశావు కదా బాబాయ్. గంటలు మోగించొద్దని ఫాదర్‌కి నేను చెప్తాను. ఆరోసారి ఆ బీట లోపలికంటా గట్టిగా పూయడానికి నీకెంతసేపు పడుతుంది?"

"లొరెత్తా, పూస్తే గోడ ఆగదు. ఒక అమ్మాయి చచ్చిపోయింది."

"పాపం ఆ అమ్మాయి పేరు కూడా రాస్తాం," అంది. "నలభై రెండోది."

నేను యాభై మొహాలూ చూశాను, ఒక్కడైనా తలుపు వైపు చూస్తాడేమోనని. దెర్నా నేల చూసింది. ఈనెస్ ముందుకొచ్చి, పువ్వుల కోసం తెచ్చిన నీళ్ల బకెట్టు సెత్తీమియో కాళ్ల దగ్గర పెట్టింది. ఇంకెవరో పూజసామాను గదిలోంచి, కడిగి బోర్లించిన ఆ రబ్బరు గిన్నె తెచ్చి దాని పక్కన పెట్టారు. వాళ్లెవరూ నన్ను తోయలేదు, తిట్టలేదు.

"బేడీల తాళంచెవి మీ దగ్గరే ఉంది కదా, మరెషాల్లో," అన్నాడు కెప్టెన్ నా వెనక నుంచి.

సెత్తీమియో తలెత్తాడు. వాళ్లని చూశాడు, బకెట్టుని చూశాడు. డెబ్భై ఒక్కేళ్ల మొహంలో వెలుగొచ్చింది. బేడీలున్న చేతులు రెండూ నా ముందుకి చాపాడు, తీయమని.